ఆకలి లెక్కకొచ్చిన మేడం

ఆ రోజులు తల్సుకుంటె ఇప్పటికీ నవ్వొస్తది. అప్పుడు నేను పెద్దవంగర దిక్కు అత్తగారింటికి వచ్చిన కొత్త కోడల్ని, కడుపుతోటున్న. వానల్లేక నాట్లు వడలె, కూలి లేదు. మా వాడల అందరం ఒక్కపూటనే తింటున్నం. (నాకు చదువు రాదు, నేను చెప్తాంటె మనుమరాలు రాస్తాంది.) జనగామ నుంచి ఒక పిల్ల ఏడాదికోపాలి వచ్చి ఏ ఇంట్ల ఎన్ని పూటలు తింటున్నరో రాసుకపోయేది. అటు మహదేవపూర్ దాకా ఊరూరు తిరిగి, ఆకలి పెరిగిందా తగ్గిందా అని చూసుడు ఆమె పని. మేము ఆకలి మేడం అనేటోళ్లం. ఆ ఏడు ఆకలి ఎక్కువున్న వాడలకు బియ్యం ఇస్తరన్నరు. ఉన్నదున్నట్టు చెప్పాలెనని వాడంత అనుకున్నం.

మిట్టమధ్యాహ్నం మేడం ముందుగాల మా ఇంటికే వచ్చింది, మొఖమంత ఎండకు వాడిపోయి. "అవ్వా, పస్తున్న రోజులున్నయా?" అన్నది. మా అత్త ఆమెను ఎగాదిగ జూసి, "గవన్ని తర్వాత బిడ్డా. జర కాళ్లు కడుక్కో, ముద్ద తిను" అన్నది. వద్దంటె, "మా ఇంట్ల తినవా ఏంది?" అని గుర్రుమన్నది. పక్కింట్ల గుడ్డు అడిగి బదులు తెచ్చి అట్టు వోసి, నాకోసం దాసిన అన్నమంత ఆమె కంచంల వెట్టింది. నేను దర్వాజ చాటుకు నిలవడి గుటకలు మింగుతున్న. తిన్నంక మేడం, "నువ్వు తిన్నవా చెల్లె?" అని నన్నడిగింది. "తినలే అక్కా" అన్న. అత్త ఎంటనే అందుకున్నది: "కడుపుతోటున్నది గద బిడ్డా, ఎంత తిన్నా తినలేదనే అంటది." ఇద్దరు నవ్విన్రు. (నేను గూడ నవ్విన, కొత్త కోడల్ని కద.) మేడం "రెండు పూటలు" అని పైకి చదువుకుంటనే రాసుకున్నది.

పక్కింట్ల గూడ అంతే, ఆ అవతలింట్ల గూడ అంతే. వాడ చివరికి వచ్చేసరికి మేడం తిని తిని నడ్వలేక ఓ గడప కాడ కూలవడి, "అవ్వా, ఇగ మీ వాడకు దండం" అన్నది.

మా లెక్కల ఆకలి తక్కువొచ్చి బియ్యం రేగొండ దిక్కు ఊర్లకు వోయినయి. "ఆడ ఆ పిల్లకు మంచినీళ్లన్న ఇచ్చిన్రో లేదో" అని మా అత్త రంది వెట్టుకున్నది. నా బిడ్డ బక్కగ పుట్టింది.

ఇప్పుడు అత్త లేదు, నా పెనిమిటి లేడు. మొన్న ఇంకో మేడం ఫోన్ల రాసుకుంట అదే అడిగింది. "ఒక్కపూటే తింటున్న, రాసుకో బిడ్డా" అన్న. చెప్తె పానం తేలికైతదనుకున్న. ఆ పొద్దంత అత్త ఫోటువ దిక్కు చూడబుద్ధి కాలె, ఇంటి ముచ్చట బజార్ల వెట్టినవేందే అని కసిరినట్టే ఉన్నది. నాకు నేనే నవ్వుకున్న. ఇంత ముసలిదాన్నయినా ఇంక ఆమెకు కోడల్నే.