ఏడో ప్లేటు

మా ల్యాబుకు ఆదివారం లేదు. మలేరియా క్రిమికి ఇవాళ సెలవని చెబితే వింటుందా? రోజూ వేళకు ప్లేటులో పాత ద్రవం తీసేసి కొత్తది పొయ్యాలి, కడిగిన ఎర్ర రక్తకణాలు అందించాలి, మనిషి ఒంటి వేడి ఉండే పెట్టెలో పెట్టాలి. కన్నబిడ్డలకు కూడా ఎవరూ ఇంత వేళ తప్పకుండా పెట్టరని నేను వేళాకోళం చేసేవాణ్ని. అక్క నవ్వేది కాదు.

అక్క మా టెక్నీషియన్. పెద్ద డాక్టరమ్మ తప్ప అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్లు. నాది గాజు సామాను కడిగే పని. పని అయిపోయిన ప్లేట్లను ఆవిరి కుక్కర్లో ఉడికించి, వాటిలో ప్రాణమున్నదాన్ని చంపడం కూడా నా పనే. ఆమె పెంచేది, నేను చంపేవాణ్ని. చేరిన కొత్తలో ఆమె అంటే నాకు ఒళ్లుమంట. కోపం ముక్కుమీదే ఉండేది. ఒకరోజు సాయానికి కూర్చోబెట్టుకుని, నేను ఒక ప్లేటు ముగించి రెండోది తెరవబోతుంటే చేతిమీద ఒక్కటి వేసింది.

"పైపెట్ మార్చావా?"

మార్చలేదు. ద్రవం పీల్చే ఆ సన్నని గొట్టాన్ని ప్లేటు ప్లేటుకూ మార్చాలి. లేకపోతే దాని కొసన మిగిలిన చుక్కతో ఒక ప్లేటులో క్రిమి ఇంకో ప్లేటులోకి పోతుంది. రెండిట్లో చురుకైన రకం నెలా రెండు నెలల్లో నెమ్మదైన రకాన్ని లేకుండా చేస్తుంది. పైకి ఏమీ తెలియదు. ఆ ప్రశ్న ఆ గదిలో వెయ్యిసార్లు విని ఉంటాను.

మిగతా ప్లేట్లన్నిటికీ సిలిండర్ గ్యాసు పట్టేవాళ్లు. ఏడో ప్లేటును మాత్రం అక్క పాత పద్ధతిలోనే, మూత ఉన్న పెద్ద గాజు జాడీలో పెట్టేది. పక్కన కొవ్వొత్తి వెలిగించి మూత వేస్తే లోపలి గాలిలో ఆక్సిజన్ తగ్గి కాసేపటికి అదే ఆరిపోతుంది. ఆరగానే మూతమీది చిన్న కుళాయి బిగించి, జాడీని వేడిపెట్టెలో పెట్టాలి. ఆ ప్లేటులోది అక్క తమ్ముడి రక్తంలోంచి వచ్చింది. అతను జ్వరంతో పక్క ఆసుపత్రిలో చేరిన రోజున, ఏ మందుకు లొంగుతుందో చూద్దామని తనే సూది గుచ్చి తీసింది. నాలుగో రోజుకు తమ్ముడు పోయాడు. ప్లేటులోది బతికింది.

"వాణ్ని తిన్నదానికి నేను తిండి పెడుతున్నా," అంది ఒకసారి, ఆరబోతున్న కొవ్వొత్తిని చూస్తూ.

"పారెయ్యొచ్చుగా అక్కా?"

"పారేస్తే వాడిది ఇంకేం మిగులుతుంది?"

ఆ తర్వాత ఆ జాడీ దగ్గరికి వెళ్లాలంటేనే భయం వేసేది. అందులో ఎవరో జ్వరంతో పడుకుని ఉన్నట్టే అనిపించేది.

అలా పదకొండేళ్లు గడిచాయి. ఈమధ్య కొత్త మందు ఒకటి పరీక్షించే ముందు, డాక్టరమ్మ అన్ని ప్లేట్లలోని రకాలనూ జన్యు పరీక్షకు పంపారు. ఏడో ప్లేటులో ఉన్నదీ ఒకటో ప్లేటులో ఉన్నదీ ఒకటేనని వచ్చింది. ఒకటో ప్లేటులోది ఎన్నో ల్యాబుల్లో పెరిగే పాత రకం. తమ్ముడిది కాదు.

"ఎప్పుడో కలిసిపోయిందమ్మా. ఎప్పుడన్నది ఇప్పుడు చెప్పలేం," అన్నారు డాక్టరమ్మ.

నేను చెప్పగలను. తమ్ముడు పోయి ఏడాది నిండిన రోజు. అక్క రెండు ప్లేట్లూ పక్కపక్కన తెరిచి పెట్టింది. కళ్లనిండా నీళ్లు. ఒకటో ప్లేటులో ముంచిన పైపెట్‌నే ఏడో ప్లేటులో ముంచడం కడుగుతొట్టి దగ్గరనుంచి నా కళ్లారా చూశాను. మాట నోటిదాకా వచ్చింది. ముందురోజు అదే తప్పుకు నన్ను అందరి ముందూ కడిగేసిందన్న అక్కసు కొంత. ఏడుస్తున్న మనిషికి ఎలా చెప్పాలన్న జాలి కొంత. మొత్తానికి నోరు విప్పలేదు.

ఇక ఒకే ఒక్క ఆశ మిగిలింది. మొదటి నెలలో ఏడో ప్లేటులోంచి కొంత తీసి, గడ్డకట్టించి దాచిన చిన్న సీసాల్లో ఒకటి ఇంకా చలిట్యాంకులో ఉంది. అందులోని క్రిమి మళ్లీ లేస్తే తమ్ముడిది ఉన్నట్టు. లేవకపోతే ఎక్కడా లేనట్టే. అక్క దాన్ని బయటికి తీసింది. కరిగించి, ఉప్పునీళ్లు చుక్కచుక్కగా కలిపి, కొత్త ప్లేటులో పోసి, ఏడో ప్లేటు ఉన్న జాడీలోనే పెట్టి కొవ్వొత్తి వెలిగించింది. రోజూ ఒక చుక్క అద్దంమీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపులో ఎర్ర కణాలను ఒక్కొక్కటే వెతికేది. లోపల సన్నని ఉంగరంలాంటిది కనబడితే బతికినట్టు.

"రేపు చూద్దాం," అనేది. ఇరవై ఒక్క రోజులు అదే మాట.

ఇరవై రెండో రోజు శనివారం. ఇక చాలు, సోమవారం రెండు ప్లేట్లూ ఉడికించెయ్యమన్నారు డాక్టరమ్మ. ఆ సాయంత్రం ఇక దాచుకోలేకపోయాను.

"అక్కా, ఆ రోజు మీరు పైపెట్ మార్చలేదు. నేను చూశాను. చూసి కూడా చెప్పలేదు."

చెంప పగలగొడుతుందనుకున్నాను. ఆమె కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"నాకు తెలుసయ్యా. పని అయ్యాక చూసుకుంటే ట్రేలో వాడిన పైపెట్ ఒక్కటే ఉంది."

"మరి పదేళ్లపాటు ఎందుకు..."

"ఒక్కటైనా వాడిది మిగిలుంటుందేమోనని."

"ఆ సీసా అప్పుడే తీసి చూసుండొచ్చుగా?"

"తీస్తే తెలిసిపోతుందిగా," అంది.

ఆదివారం ఆమె రాలేదు. అలా జరగడం నేను చూడటం అదే మొదలు. పొద్దున పదింటికి నేనే తాళం తీశాను. మర్నాడు చంపబోయేవాటికి తిండెందుకని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా చెయ్యి ఆగలేదు. ఒకదాని తర్వాత ఒకటి రెండు ప్లేట్లకూ కొత్త ద్రవం పోసి, కొవ్వొత్తి వెలిగించి, ఆరేదాకా అక్కడే నిలబడి కుళాయి బిగించాను.

సోమవారం అక్క వచ్చీ రాగానే వేడిపెట్టె తెరిచి, జాడీలో తరిగిన కొవ్వొత్తిని చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"పైపెట్ మార్చావా?"

"మార్చానక్కా."

తలూపి, జాడీ మూత తీసి, రెండు ప్లేట్లూ తన చేత్తోనే తెచ్చి నాకిచ్చింది. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. నేను కుక్కరు మూత తెరిచాను.