చివరి చరణంలో ఎవరి పేరు

2004 వేసవిలో నన్ను భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక మేజిస్ట్రేటు కోర్టుకు ఏపీపీగా, అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా వేశారు. పోలీసులు పెట్టిన కేసును ప్రభుత్వం తరఫున నడపడం ఏపీపీ పని. కలప దొంగతనాలు, గట్టు తగాదాలతో నడిచే ఆ కోర్టుకు ఆ ఏడు ఒక కాపీరైట్ కేసు వచ్చింది.

ఫిర్యాది నర్సమ్మది అశ్వారావుపేట పక్క ఊరు. పెళ్లిళ్లలో పాడటమే ఆమె బతుకుదెరువు. ముహూర్తాలు లేని నెలల్లో పామాయిల్ తోటలకు కూలికి పోయేది. సొంతంగా ఒక అప్పగింతల పాట కట్టింది. ఖమ్మంలో క్యాసెట్ల దుకాణం నడిపే ఒకాయన, విందామని పిలిపించి పాడించుకుని, రికార్డు చేశాడు. మరుసటి పెళ్లిళ్ల కాలానికి అది సీడీగా వచ్చింది. అట్ట మీద రచన ఆయనదని ఉంది. పెళ్లివారు సీడీ పెట్టుకుని ఆమెను పిలవడం మానేశారు. పైగా ఆమె పాడబోతే దుకాణపాయన పాట పాడుతున్నదని వెక్కిరించారు.

విచారణలో మొదటి సాక్షి ఆమే. పాట కట్టినవాళ్లు చివరి చరణంలో తమ పేరు పెట్టుకోవడం ఆనవాయితీ. డిఫెన్సు వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్కటే అడిగాడు, సీడీలో చివరి చరణంలో ఎవరి పేరుందని. దుకాణపాయనదేనని ఆమె దాచకుండా చెప్పింది.

“ఎవలింట్ల పాడితే ఆ ఇంటోళ్ల పేరే పెడ్తం సార్. ఆయన దుకాణంల పాడిన, ఆయన పేరు పెట్టిన. ఇంటోళ్ల ముంగట మన పేరు చెప్పుకుంటమా?”

సీడీ రాకముందే ఆమె ఆ పాట పాడిందని చెప్పడానికి ఛార్జిషీటులో ముగ్గురు పెళ్లి ఇంటివాళ్లు ఉన్నారు. ముగ్గురూ నిజమే చెప్పారు. చివరి చరణం చెప్పమంటే మాత్రం ఒకాయన తన తండ్రి పేరుతో, ఒకామె తన అత్తగారి పేరుతో, మూడో ఆయన తన పేరుతోనే గర్వంగా చెప్పారు. మేజిస్ట్రేటు గారు రాయడం ఆపి నా వంక చూశారు.

పాట తన క్లయింటుదే, కాదంటే ఇంటికో పేరుతో పాడుకునే, ఎవరిదీ కాని జానపదం అని వకీలు వాదించాడు. ఆ రెండూ ఒకదానికొకటి పొసగవని నేను గట్టిగానే అన్నాను. కానీ క్రిమినల్ కేసులో నిందితుడు ఏదీ రుజువు చేయనక్కర్లేదు, అనుమానం పుట్టిస్తే చాలు. కేసు కొట్టేశారు. ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది.

వరండాలో నర్సమ్మ అడిగింది. “గిప్పుడు గా పాట పాడితే నా మీద కేసు పెడ్తరా సార్?”

పెట్టరని, ఈ తీర్పుతో పాట ఆయనదైపోదని చెప్పాను.

“గా ముచ్చట పెళ్లోళ్లకు ఎవలు జెప్తరు?” అంది.

పాట కట్టినప్పుడే కాపీరైట్ పుడుతుంది. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. కానీ హక్కు ఉండటం వేరు, దాన్ని కోర్టులో చూపించగలగడం వేరు. ఆ తర్వాత సలహాకు వచ్చిన పాటగాళ్లందరికీ ఒకటే చెప్పాను: పెళ్లింట్లో ఎవరి పేరైనా పెట్టండి, రికార్డింగులో మాత్రం మీ పేరే పెట్టుకోండి. నర్సమ్మకు ఆ మాట చెప్పే అవసరం రాలేదు. ఆమె ఏడాది పొడుగునా తోటలకే పోయింది, మళ్లీ పాడలేదు.