కోరుట్ల దగ్గర శివసత్తి ఇంట్లో ఒక మంగళవారం

మా చిన్నమ్మ కూతురు పద్మ ఫోన్ చేసి ఏడ్చేసరికి సిరిసిల్లలో బస్సెక్కాను. మస్కట్ వెళ్లిన ఆమె భర్త రాజేశం దగ్గరి నుంచి నెల రోజులుగా ఫోన్ లేదు. పనిచేసే కంపెనీ మూతపడిందని తెలుసు, మనిషి ఉన్నాడో లేడో తెలియదు. "రెండు మంగళారాలు శివసత్తి తానికి పోయొచ్చిన. గీసారి నువ్వు తోడు రా అక్కా" అంది. అమ్మవారు ఒంటి మీదికి వచ్చే శివసత్తులంటే నాకు నమ్మకం తక్కువ. కానీ పద్మ అంటే ప్రాణం.

ఆరున్నరకు పద్మతో కలిసి బయలుదేరితే వేములవాడ మీదుగా కోరుట్ల చేరేసరికి తొమ్మిది దాటింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు బస్సు టికెట్ లేదు. అక్కడి నుంచి ఆ ఊరికి ఆటోలో మనిషికి ముప్ఫై రూపాయలు. మేం నోరు విప్పకముందే డ్రైవర్ "లచ్చవ్వ తానికేనా? పదింటికి శిగమొస్తది, జల్ది ఎక్కుండ్రి" అన్నాడు. అమ్మవారు పూనడాన్ని ఇక్కడ శిగం అంటారు.

లచ్చవ్వ ఇంటి ముందు రేకుల పందిరి, దాని కింద ఎల్లమ్మ గద్దె. అప్పటికే ఇరవై మంది దాకా కూర్చున్నారు, ఎక్కువమంది గల్ఫ్‌కు మనిషిని పంపిన ఆడవాళ్లే. జమిడిక మోగగానే ముఖం నిండా పసుపు పూసుకున్న లచ్చవ్వ ఊగిపోయింది. అరవై ఏళ్ల మనిషి, ఇద్దరు పట్టుకున్నా ఆగలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు జలదరించింది. పద్మ కాళ్ల మీద పడి "నా మొగడు ఏడున్నడు తల్లీ?" అని అడిగింది. "పానంతోనే ఉన్నడు బిడ్డా" అని బొట్టు పెట్టి అమ్మవారు ఇంకొకరి వైపు తిరిగింది. ఇంతదూరం వచ్చింది ఈ ఒక్క ముక్క కోసమా అని నాకు మండింది.

పన్నెండింటికి శిగం దిగింది. దాహమేసి ఇద్దరం ఇంటి వెనక్కి వెళితే లచ్చవ్వ ముఖం కడుక్కుంటోంది. పద్మను చూసి "ఏం కష్టమొచ్చింది బిడ్డా?" అంది.

పద్మ తెల్లబోయింది. "మూడు వారాల సంది చెప్తున్న గదవ్వా!"

"అమ్మకు చెప్పినవ్. నాకెవలు చెప్పిండ్రు? శిగంల నాకేం యాదుండదు."

శిగంలో అడిగిన మాట బయట మళ్లీ ఎత్తకూడదని ఇక్కడి కట్టుబాటు. పద్మ ప్రతిసారీ బొట్టు పెట్టించుకుని నేరుగా ఇంటికి పోయేదట. నాకు ఆ పట్టింపు తెలియక సంగతంతా చెప్పేశాను. లచ్చవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఆగిపోయింది. "మస్కటా? మా చిన్నోడు గూడ గాడనే ఉన్నడు. మూతపడ్డ కంపెనోళ్లు కొందరు మావోడుండే లేబర్ క్యాంపులనే ఉంటున్నరన్నడు" అంటూ కొడుక్కి వీడియో కాల్ చేయించింది. అతను ఫోన్ పట్టుకుని పేరు పిలుస్తూ గదులన్నీ తిరిగాడు. చివరికి గడ్డం పెరిగిన మనిషొకడు తలుపులోంచి తొంగిచూశాడు. రాజేశమే! ఫోన్ అమ్ముకుని తిన్నాడట. జీతం లేకుండా ఏం మొహం పెట్టుకుని మాట్లాడాలని ఊరుకున్నాడట.

"పైసలెవలడిగిండ్రు నిన్ను? గొంతు ఇనిపిస్తే సాలదా!" అని పద్మ తిట్టింది, తిడుతూనే ఏడ్చింది. నేను అంత హాయిగా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్లయిందో.

అమ్మవారు నిజంగా వచ్చిందా అంటే నాకిప్పటికీ తెలియదు. ఆ పందిరి కింద అంతమంది ఒకే బాధతో పక్కపక్కనే కూర్చుని, అమ్మకు తప్ప ఒకరికొకరు చెప్పుకోలేదని మాత్రం తెలిసింది. మీరు వెళితే నా సలహా ఒక్కటే. శిగం దిగగానే లేచి రాకండి, ఓ అరగంట ఆగి మీ సంగతి లచ్చవ్వకు కూడా చెప్పండి. మేం ఆటో ఎక్కబోతుంటే పద్మ వెనక్కి వెళ్లింది. గద్దె ముందు ఇంకా కదలకుండా కూర్చున్న ఒకామె భుజం తట్టి అడిగింది, "మీ ఆయన ఏడున్నడక్కా?"