మూడు కాళ్ళ స్విచ్

ఆ ఆఫీసులో నాకు కావలసింది ఒక్కటే, కంప్యూటరు ముందున్న కుర్చీ. అందులో కూర్చుంటే ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. కాగితాలు ట్రేలో పెట్టి వెళ్తారు, నేను టైపు చేసి మళ్ళీ ట్రేలో పెడతాను. ఫోను మోగితే ముందు గదిలో వాళ్ళు చూసుకుంటారు. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు గొంతు ఎండిపోతుంది. దోహా వచ్చి పిన్ని ఇంట్లో ఏడాది ఉన్నా, కింద కిరాణాకొట్లో పాలడబ్బా కావాలంటే చేత్తో చూపించేదాన్ని. అలాంటిదానికి ఆ కుర్చీ దొరికిందని మొదటి వారమే డైరీలో రెండు పేజీలు రాసుకున్నాను.

కుర్చీ ఇప్పించింది అన్నయ్య. సొంత అన్నయ్య కాదు. కృష్ణా జిల్లా ఆయన, ముప్పై అయిదేళ్ళుంటాయి, మా కంపెనీలోనే డ్రాయింగులు చూసేవారు. కంప్యూటరు సంగతులు కూడా ఆయనకే తెలుసు. శుక్రవారం పిన్ని ఇంట్లో ప్రార్థనకు వచ్చేవారు. అల్ దోహా అల్ జదీదాలోని ఆ రెండు గదుల్లో ఇరవైమందిమి ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. బైబిలు వాక్యం చదివేది ఎప్పుడూ ఆయనే. ఆయన చదువుతుంటే ఏడ్చే పిల్లలు కూడా ఆగిపోయేవాళ్ళు. తెలుగు పుస్తకాలు దొరకని ఆ ఊళ్ళో వారానికోసారి నా చెవిన పడే మంచి తెలుగు అదొక్కటే. అందుకోసమే నేను ముందు వరసలో కూర్చునేదాన్ని. పిన్ని దాన్ని భక్తి అనుకుంటే అనుకోనీ అని వదిలేశాను.

తొంభైల మధ్య సంగతి ఇది. ఆఫీసు మొత్తానికి ఉన్నది ఒక పాత 486 కంప్యూటరు. అందులోని హార్డ్ డిస్కు ఒకసారి ఆపితే మళ్ళీ తిరగడానికి మొరాయించేది. అందుకని రాత్రీ పగలూ ఆపకుండా వదిలేసేవాళ్ళు. మాది భవనాలకు ఏసీ డక్టులు వేసే కంపెనీ. అయినా మధ్యాహ్నం పన్నెండున్నరకు మూసి అందరూ ఇళ్ళకు వెళ్ళగానే వాచ్‌మన్ కింద ఏసీల మెయిన్ ఒక్కటి దించి వాటన్నిటినీ ఆపేసేవాడు. నాలుగింటికి మళ్ళీ తెరిచేదాకా కంప్యూటరు ఒక్కటే ఆ వేడిలో పనిచేస్తూ ఉండేది.

నేను చేరిన మూడో నెలలో అది కీచుమనడం మొదలుపెట్టింది. ఒక గురువారం అన్నయ్య ధైర్యం చేసి దాన్ని ఆపి పక్క రేకు విప్పారు. ప్రాసెసర్ మీద దువ్వెన పళ్ళలాంటి అల్యూమినియం దిమ్మ, దానిమీద బిస్కెట్టంత ఫ్యాను. రెక్కల మీద ఇసుక ధూళి పేరుకుని ఉంది. మధ్యనున్న స్టిక్కరు తీసి, పిన్ని కుట్టుమిషను నూనె ఒక చుక్క వేశాం. రేకు మూసేముందు ఆయన హార్డ్ డిస్కును వేలితో తట్టి లేపారు. రెండు వారాలు హాయిగా నడిచి మళ్ళీ కీచుమంది. ఈసారి కొత్త ఫ్యాను తెచ్చాం. సూక్ అనే పాత బజారు దగ్గరి దుకాణంలో ఆ సైజులో దొరికింది ఒకటే రకం, వేగం చాలా ఎక్కువ. బిగించాక కీచుశబ్దం పోయి హోరు వచ్చింది.

చెక్క గోడకు అవతల మా ముదీర్ గది. ముదీర్ అంటే మేనేజరు, కేరళ ఆయన, మాతో హిందీ మాట్లాడేవారు. మూడో రోజున తలుపులోంచి తల పెట్టి, "ఆ హెలికాప్టర్ ఎక్కడ దిగాలో తెలియక తిరుగుతున్నట్టుంది. దింపండి దాన్ని" అన్నారు.

దింపడం ఎలాగో నాకు పుస్తకంలో దొరికింది. అన్నయ్య డిప్లొమా నాటి ఎలక్ట్రానిక్స్ పుస్తకం చదవడానికి అడిగి తెచ్చుకున్నాను. కథల పుస్తకాలు లేకపోతే నేను ఏదైనా చదువుతాను. ఫ్యానుకు పన్నెండు వోల్టులు కావాలి. కంప్యూటరు లోపలి పసుపు తీగలో పన్నెండు, ఎర్ర తీగలో అయిదు ఉంటాయి. నల్లది సున్నా. ఫ్యాను రెండో కొసను నల్లదానికి బదులు ఎర్రదానికి కలిపితే దానికి అందేవి పన్నెండులో అయిదు పోగా ఏడే. నెమ్మదిగా తిరుగుతుంది, చప్పుడు ఉండదు. మధ్యలో మూడు కాళ్ళ స్విచ్ పెడితే కావలసినప్పుడు వేగం, కావలసినప్పుడు నెమ్మది.

డైరీలో బొమ్మ గీసి చూపిస్తే అన్నయ్య చాలాసేపు చూశారు.

"ఎవరు చెప్పారమ్మాయ్ నీకిది?"

"మీ పుస్తకమే."

"నేను మూడేళ్ళు చదివాను దాన్ని. నాకు చెప్పలేదు."

టంకం కూడా నేనే వేశాను. ఆయన టార్చి పట్టుకున్నారు. స్విచ్‌ను వెనక రేకు చిల్లులోంచి బయటికి తెచ్చి బిగించాక అన్నారు, "ముదీర్ అడిగితే నేనే పెట్టానంటాలే చెల్లెమ్మా. ఆడపిల్ల కంపెనీ మిషను విప్పిందంటే లేనిపోని గోల." ఆ మాట కూడా డైరీలో రాసుకున్నాను.

పద్ధతి ఒకటి పెట్టుకున్నాను. ఏసీ నడిచే వేళల్లో నెమ్మది. మధ్యాహ్నం ఇంటికి బయల్దేరేముందు వేగం. నెమ్మదిలో ఉన్నప్పుడు ఫ్యాను ఎందుకైనా ఆగితే తనంతట తాను మళ్ళీ తిరగలేదు, ఆ ఏడు వోల్టులు దాన్ని నడపగలవు గానీ కదిలించలేవు. అందుకని రోజూ డైరీలో టైము వేసి మరీ రాసేదాన్ని: పన్నెండు ఇరవై, వేగం.

జూన్‌లో ఒకరోజు గొడుగు మరిచిపోయి సగం దారినుంచి వెనక్కి వచ్చాను. కంప్యూటరు గదిలో అట్టపెట్టెలు పరుచుకుని అన్నయ్య పడుకుని ఉన్నారు. కిటికీ లేని గది కాబట్టి ఏసీ ఆపినా కాసేపు చల్లదనం ఉంటుంది. ఫ్యాను చప్పుడు లేదు. స్విచ్ నెమ్మదిలో ఉంది.

ఆయన లేచి కూర్చున్నారు. "కంపెనీ బండి సాయంత్రంగానీ రాదు. ఈ ఎండలో ఘర్రాఫాలో నా రూము దాకా ఎట్టా పోయొస్తాను? ఇదేమో చెవిలో మొత్తుకుంటుంటే కునుకు పట్టదు. లేచాక మళ్ళీ పెంచేస్తున్నాలే."

"వేడెక్కుతుందేమో అన్నయ్యా."

"అర్ధగంటకేమవుద్ది. ముదీర్‌కి చెప్పమాక. ఆఫీసులో పడుకుంటే ఒప్పుకోడు ఆయన."

చెప్పనన్నాను. చెప్పలేదు కూడా. అది నా తప్పేనని ఇప్పటికీ అనుకుంటాను.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం నాలుగింటికి వచ్చేసరికి తెర మీద అక్షరాలు గడ్డకట్టినట్టు ఉన్నాయి. ఏ మీట నొక్కినా కదల్లేదు. రేకు విప్పి దిమ్మను ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. ఫ్యాను ఆగి ఉంది. స్విచ్ నెమ్మదిలో ఉంది. వేగం వైపు తిప్పితే ఫ్యాను లేచింది, కంప్యూటరు లేవలేదు. ప్రాసెసర్ పోయింది. అల్ రయ్యాన్‌లో ఒక స్కూలు భవనానికి మర్నాడు పొద్దున్న ఇవ్వాల్సిన టెండరు అందులోనే ఉంది. ఇవ్వలేకపోయాం.

ముదీర్ ఇద్దర్నీ పిలిచారు. బల్లమీద నా స్విచ్ ఉంది, తీగలతో సహా పీకించారు.

"ఇది ఎవరు పెట్టారు?"

అన్నయ్య చెబుతారని చూశాను. ఆయన బల్లమీది స్విచ్‌ను చూస్తున్నారు. "ఆ అమ్మాయే సార్. నేను వద్దనే చెప్పాను."

"నువ్వేనా?"

"నేనే సార్" అన్నాను. అది నిజమే కదా.

"నెమ్మదిలో వదిలేసి పోయింది ఎవరు?"

నా సంచిలో డైరీ ఉంది. అన్నయ్యకు బొమ్మ చూపించిన ఆ ఒక్కసారి తప్ప దాన్ని ఎవరి ముందూ తీయలేదు, ఇప్పుడు తీశాను. "నేను వేగంలో పెట్టే వెళ్ళాను సార్. రోజూ రాసుకుంటాను" అన్నాను.

ముదీర్ ఆ రోజు పేజీని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది కన్నడమా?"

"తెలుగు సార్."

ఆయన ఆ డైరీని అన్నయ్య చేతికిచ్చారు. "చదువు."

అప్పుడు నాకు భయం వేయలేదు. ఆశ్చర్యంగా ఉంటుంది చెబితే, ఊరట కలిగింది. ఆ పేజీలో ఉన్నది ఇది: పన్నెండు ఇరవై, వేగంలో పెట్టి వచ్చాను. అన్నయ్య ఇవాళ కూడా తగ్గించి పడుకుంటారేమో, చెప్పనని మాటిచ్చాను. నా అక్షరాలు కళ్ళెదురుగా ఉండగా ఆయన ఇంకేం చదువుతారు అనుకున్నాను.

ఆయన హిందీలో చదివారు. శుక్రవారం చదివే గొంతుతోనే, తొణక్కుండా, అక్షరాల మీదుగా కళ్ళు నడిపిస్తూ చదివారు. "ఈరోజు తొందరలో స్విచ్ నెమ్మదిలోనే వదిలేసి వచ్చాను. అన్నయ్య మొదట్లోనే వద్దన్నారు, నేను వినలేదు." నేను కామా పెట్టిన చోటే ఆయన కూడా ఆగారు.

అబద్ధం అనడానికి హిందీలో ఏమంటారో నాకు తెలుసు. నోరు తెరిచాను కూడా. గొంతు ఎండిపోయింది. ముదీర్ నా వైపు చూస్తూ, "నిజం రాసుకున్నావు, అది మంచిది" అన్నారు. ఆయన డైరీ తిరిగిస్తే రెండు చేతులతో తీసుకున్నాను.

నన్ను పనిలోంచి పంపేయలేదు. ముందు గదిలో ఫోను దగ్గర కూర్చోబెట్టారు. అంతకంటే పంపేసినా బాగుండేదని నెలరోజులపాటు అనుకున్నాను. ఫోను నాలుగైదుసార్లు మోగితేగానీ ఎత్తేదాన్ని కాదు. అరబ్బీ, మలయాళం, ఉర్దూ, ఎవరెవరో, ఏమేమో. "గట్టిగా చెప్పమ్మా, నువ్వు చేపవా?" అన్నాడొకాయన. పిన్నికి ఏమీ చెప్పలేదు. శుక్రవారాలు వెనక వరసలో, వంటింటి గడప మీద కూర్చున్నాను. ఆయన చదువుతూనే ఉన్నారు. ఎంత బాగా చదువుతున్నా, అక్కడ నిజంగా అదే ఉందా అని పక్కవాళ్ళ బైబిలు తెరిచి చూడాలనిపించేది.

కొత్త ప్రాసెసర్ వచ్చింది. స్విచ్ లేకుండా ఫ్యానును నేరుగా పన్నెండుకే కలిపించారు. ముదీర్ ఆ హోరుకు అలవాటుపడ్డారు. అలవాటుపడలేకపోయింది ఒక్కరే.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం అందరూ వెళ్ళాక నేను తాళం వేయబోతుంటే అన్నయ్య నా బల్ల దగ్గరికి వచ్చారు. కళ్ళ కింద నల్లగా ఉంది. కాసేపు పేపర్‌వెయిట్ తిప్పుతూ నిలబడ్డారు.

"చెల్లెమ్మా, ఆ స్విచ్‌కి ఏ తీగ ఎక్కడ కలిపావో నాకు గుర్తుండటంలా. డైరీలో బొమ్మ గీశావుగా. ఒక్కసారి చూపిస్తే... లోపలే పెడతాలే, బయటికి కనపడకుండా."

నేను సంచిలోంచి డైరీ తీశాను. బొమ్మ ఉన్న పేజీ కాదు, ఆ రోజు పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను.

"ముందు ఇది చదవండి అన్నయ్యా. పైకి."

ఆయన వంగి చూశారు. పెదాలు కదిలాయి. పన్నెండు ఇరవై అన్నంతవరకు వినిపించింది, ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. లోపలి గదిలోంచి ఫ్యాను హోరు వస్తోంది.

"నాకు ఇద్దరు పిల్లలు చెల్లెమ్మా" అన్నారు చివరికి.

"అక్కడ రాసింది అది కాదు."

ఫోను మోగింది. ఆ వేళప్పుడు ఎవరూ చేయరు. నేను ఎత్తి, కంపెనీ పేరు చెప్పి, నాలుగింటికి చేయమని చెప్పి పెట్టేశాను. అవతలి ఆయన మళ్ళీ చెప్పమని అడగలేదు. అన్నయ్య ఇంకా ఆ పేజీ మీదే వంగి ఉన్నారు. నేను డైరీ మూసి సంచిలో పెట్టుకుని, తాళంచెవి బల్లమీద ఆయనకు వదిలేసి, ఎండలోకి దిగాను.