కడగని అతుకు

ఎనిమిదేండ్లుగా ఒక్క మాట నా గొంతులో ఉండాది. మింగలేను, కక్కలేను. పెద్ద మాట కూడా కాదు, ఒక్క ముక్క. నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు, అందుకే నీకు చెప్తాండా. తెలిసినోళ్ల మొగం చూస్తే నోరు పెగలదు.

మాది నంద్యాల. ఆళ్లగడ్డ పోయే రోడ్డులో ఒక షెడ్డులో కార్ల బాడీలు సరిచేసే పని నాది. మా నాయన బతుకంతా సైకిల్ మీద ఊరూరు తిరిగి సత్తు గిన్నెలకు చొట్టలు తీసినాడు. నేను పట్టిన కొయ్య సుత్తి ఆయనదే. షెడ్డులో నాకు జోడీ ఓబులేసు. ఆళ్లగడ్డలో దేవుని విగ్రహాలు చెక్కే ఇంట్లో పుట్టి, రాయి వదిలి రేకు పట్టినాడు. కంటి కొలత నాది, చేతి దెబ్బ నీది అని అప్పట్లో వాడే అనేటోడు.

రుద్రవరం ఆసామి ఒకాయనకు పాతకాలపు రెండు సీట్ల పందెం కారు ఉండె. ఇంజను, చట్రం మిగిలినాయి. పైన బాడీ పుచ్చి రాలిపోయింది. పాత ఫోటోలు తెచ్చి, అల్యూమినియం రేకుతో చేత్తోనే మళ్లీ కట్టియ్యండప్పా అన్నాడు. ఏడాది పట్టింది. రేకుకు సబ్బు రుద్ది మంట చూపించాల, సబ్బు నల్లబడితే రేకు మెత్తబడినట్టు. అప్పుడు ఇసుక సంచి మీద పెట్టి కొట్టాల. ఒక్కో మడ్‌గార్డుకు ఎన్ని దెబ్బలు పడినాయో నా భుజాన్ని అడగాల. ముందర లైట్లు కూర్చునే రెండు గిన్నెలు మాత్రం నాకు కుదర్లే. నాయనను పిలిపించినా. డెబ్బై ఏండ్ల మనిషి, నేల మీద గొంతుకూర్చోని రెండు రోజుల్లో రెండూ కొట్టిచ్చినాడు. రెండింటికీ వెంట్రుకవాసి తేడా లేదు.

బాడీ రూపం వచ్చినాక ఆసామి చూడనీకి వచ్చినాడు. నాయన కూడా తెల్లచొక్కా వేసుకోని వచ్చినాడు. ఆసామి ఆ గిన్నెల మీద చేయి పెట్టి, ఇది ఎవరి పనితనమని అడిగినాడు. నాయన ఒకడుగు ముందుకేసినాడు. ఓబులేసు చేయి అడ్డం పెట్టి నవ్వినాడు.

"దూరం ఉండప్పా, గీత పడుతుంది. ఈయన గిన్నెలకు చొట్టలు తీసేటోడు సార్. ఈ పనంతా నాదే."

నాయన వెనక్కి జరిగినాడు.  నేను సుత్తి చేతిలో పట్టుకోని చూస్తా నిలబడినా. ఆ పొద్దే వాని కాలరు పట్టుకోని ఉంటే ఇంత దూరం వచ్చేదా? వచ్చేది కాదు. కానీ నా కోపం అట్లాంటిది కాదు, పైకి పొంగదు, అడుగున మాడుతుంది. నాయన మళ్లీ షెడ్డు తట్టు రాలే. ఆయన తెల్లచొక్కా మడిచి పెట్టెలో పెట్టుకుంటాంటే చూసినా. ఈ ఓబులేసు దగ్గర దేన్ని తీసేస్తే వీడు కూడా ఇట్లనే వెనక్కి జరుగుతాడు? వాని పేరును. అదొక్కటే వానికి ప్రాణం.

అల్యూమినియం అతకాలంటే అతుకు పట్టనీకి ఫ్లక్స్ అనే మందు పూయాల. అతికినాక వేన్నీళ్లు పోసి, బ్రష్షుతో రుద్ది అదంతా కడిగేయాల. రొంత మిగిలినా అది రేకును లోపల్నుంచి తింటాది. గ్యాసు మంటతో అతికేది ఓబులేసు, కడిగేది నేను. లైట్లు కూర్చునే కారు మూతి లోపల ఇంకో రేకు వేసి మూసేస్తే మళ్లీ ఆడికి చేయి పోదు. ఆ రోజు బయటికి కనిపించే అతుకులన్నీ తళతళలాడేటట్టు కడిగినా. లోపలివి ముట్టలే.

"లోపల కడిగినావా?" అన్నాడు ఓబులేసు, మూసే రేకు చేతిలో పట్టుకోని.

"కడిగినా."

"ఒకసారి చూసేదా?"

"నా మీద నమ్మకం లేకుంటే చూసుకో."

"నిన్ను నమ్మక ఎవర్ని నమ్మేదిరా" అన్నాడు. చూడకుండానే మూసేసినాడు.

ఏడాది తిరిగేలోపల కారు మూతి మీద రంగు బొబ్బలెక్కింది. గోటితో గీకితే తెల్లపొడి రాలింది. ఒకరోజు ఆళ్లగడ్డ రోడ్డులో అతుకు నోరు తెరిచింది. ఆసామి కారును షెడ్డుకు తెప్పించి, పదిమంది ముందర ఓబులేసును నిలబెట్టి కడిగేసినాడు. వాడు వెనక్కి జరిగినాడు, మా నాయన మాదిరే. అబద్ధం ఎందుకు, శానా సంతోషపడినా. ఆ పొద్దు ఇంటికి మటన్ తీసుకపోయినా. ఏం పండగరా అన్నాడు నాయన. ఊరికేలే అన్నా.

వాడు నా మీదికి వస్తాడని జవాబు తయారుగా పెట్టుకున్నా. వాడు రాలే. రాయి పగిలితే రాయిని అనొద్దు, చేతిని అను అని వాళ్ల నాయన నేర్పించినాడంట. తన మంటే తప్పు పోయిందనుకున్నాడు. ఆసామి ఆ బాడీని తుక్కుకు వేయమన్నప్పుడు లైట్ల గిన్నెలు రెండూ కోసి మా ఇంటికి తెచ్చినాడు. నాయన చేతిలో పెట్టి, ఆ రోజు తప్పు మాట్లాడినా అప్పా, ఇది నీ పని, దీనికేం కాలే అన్నాడు. నాయన వానికి టీ పెట్టిచ్చినాడు. నాకు అప్పుడు కూడా వాని మీద కోపమే వచ్చింది. నా కసికి కూడా నిలువనీడ లేకుండా చేసి పోయినాడు.

ఇప్పుడు వాడు ఆళ్లగడ్డలో ఎవరో చెక్కే విగ్రహాలకు కింద పీఠాలు చెక్కుతాండాడంట. మొగం జోలికి పోడంట. ఇది మొగం చెక్కే చేయి కాదని వాడే అంటాడంట.

నాయన పోయి రెండేండ్లు. మొన్న అటక మీద నుంచి ఆ గిన్నెలు దించినా. మూతికి అతికిన అంచు పొడుగునా తెల్లపొడి. నీళ్లు కాచినా. బ్రష్షు తీసుకోని, అప్పుడు కడగాల్సింది అప్పుడు కడగక ఇప్పుడు కూర్చోని కడిగినా. పొడి పోయింది. ఎండకు పట్టి చూస్తే అంచంతా సూది బెజ్జాలు. నాయన చేసిన పనిని నా చేత్తోనే తినిపించినా.

ఆళ్లగడ్డ ఎంత దూరం? బస్టాండు దాకా రెండుసార్లు పోయి తిరిగొచ్చినా. క్షమించమని అడిగే మనిషిని కాను. వాడు చేయి అడ్డం పెట్టిన ఆ పొద్దు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. అదీ నిజమే, నేను చేసిందీ నిజమే. కానీ వానికి చెప్పాల్సిన మాట నీకైనా చెప్తే గొంతు రొంత తెరుచుకుంటాది.

ఓబులేసూ, నీ మంట తప్పు పోలే. లోపల కడిగినావా అని అడిగినావే. కడగలే.