పై సరుకు చూపించిన మామయ్య

పోయిన నెల మా మామయ్య కాలం చేసిండు. అప్పుడు నేను పిల్లోణ్ని తీసుకొని సూర్యాపేటల మాటలు నేర్పే మేడం దగ్గర ఉన్న. మా ఆయన ఫోన్ చేసి, "నాన్న కొట్ల కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు. ఇగ లేడు. జల్ది రా" అన్నడు. మిర్యాలగూడ దాక బస్సుల ఏడుస్తనే ఉన్న. పక్క సీటామె, "ఎవరమ్మా, మీ నాయినా?" అని అడిగింది. మామ అని చెప్తే వింతగ చూసింది. మామ కోసం కోడలు గింతగనం ఏడుస్తదా అనుకున్నదేమో. ఏడుస్తది. ఎందుకో చెప్త.

మాది బియ్యం వ్యాపారం. గరిడేపల్లి, పాలకీడు దిక్కు రైతులందరికీ మామయ్య ఎరుకే. వడ్లు కొనేటప్పుడు బస్తాల మోచేయి దాక చెయ్యి పెట్టి, అడుగు గింజలు తీసి పంటి కింద కొరికి చూసేటోడు. బియ్యం అమ్మేటప్పుడు మాత్రం నూక ఏరిన గింజలే పళ్లెంల పైన పోసేటోడు. "కొనేటోడు అడుగు చూడాలె, అమ్మేటోడు పైన చూపాలె. ఇది మోసం కాదు బిడ్డా, దుకాణం మర్యాద" అనేటోడు. నా పుట్టిల్లు ఆంధ్ర అంచున్న కోదాడ. 'అవుద్ది, పోద్ది' అంటనని నన్ను రోజూ ఎక్కిరించేటోడు. నేను ఊకునేదాన్ని కాదు, "మీ నూకల కంటె నా మాటే నయం మామయ్యా" అనేదాన్ని. కోపం తెచ్చుకునేటోడు కాదు, ఇంకో చాయ్ పొయ్యిమనేటోడు.

మా సాయికి మూడేండ్లు నిండినా రెండు మాటలు తప్ప రాలె. పిలిస్తే మర్లి చూడడు. స్టీలు మూతలు గిరగిర తిప్పుకుంట ఎంతసేపైనా కూసుంటడు. "మా ఇంట్ల మగపిల్లలకు మాటలు లేటే. నీ మొగుడు గూడ అట్లనే" అని అందరు కలిసి నా నోరు మూసిన్రు. మా ఊరి పిల్లల డాక్టర్ మాత్రం, "ఆటిజం కావచ్చు. ఎంత జల్ది తెలిస్తే అంత మంచిది. హైదరాబాద్ల ఒక డాక్టరమ్మ ఫోన్ వీడియోల చూస్తది, చూపించున్రి" అన్నడు.

వీడియో అనేసరికి మామయ్య ఒప్పుకున్నడు. దవాఖాన మెట్ల మీద ఎవరి కంటా పడం గదా. కానీ పిల్లోణ్ని పెళ్లిచూపులకు తయారు చేసినట్టు చేసిండు. తలంటి, కొత్త అంగీ తొడిగి, చాక్లెట్ ఆశ పెట్టి దండం పెట్టుడు నేర్పిండు. ఫోన్ పెట్టంగనే దాని వెనక స్టూలు వేసుకొని కూసున్నడు. డాక్టరమ్మ "పేరు పెట్టి పిలవండమ్మా" అన్నది. నేను పిలిచిన. అదే గడియల మామయ్య ఫోన్ వెనక స్టీలు మూత ఎత్తి వేలి మీద తిప్పిండు. పిల్లోడు చటుక్కున ఫోన్ దిక్కు చూసిండు. "అట్ల కాదు మేడం, వీళ్ల తాత..." అని నేను మొదలుపెట్టిన్నో లేదో, "మా కోడలికి పరేషాన్ ఎక్కువమ్మా" అని ఆయన నవ్విండు. "పిలిస్తే చూస్తున్నాడు కదా. ఆరు నెలలు గమనించి మళ్లీ చూపించండి" అన్నదామె.  ఆమెకు మళ్ల ఫోన్ చేద్దామంటె మా ఆయన తండ్రి మాట దాటలె. మామయ్య ఆ సాయంత్రం గల్లీ అంత మిఠాయిలు పంచిండు.

ఆ ఆరు నెలలు మా ఇంట్ల నరకం. పిల్లోనికి వచ్చిన రెండు మాటలు, 'నీల్లు', 'తాత', అవి గూడ పోయినయి. నేలకేసి తల కొట్టుకునుడు మొదలైంది. ఒక పగలు కొట్టు ముందు లారీ వెనకకు వస్తుంటే సాయి దానికి ఎదురు పోయిండు. మామయ్య గొంతు చించుకొని పిలిచిండు. వాడు మర్లలె. హమాలీ ఒకాయన ఉరికి గుంజకపోతే ఖతం అయ్యేది. మామయ్య ఇంటికొచ్చి పళ్లెం ముందు కూసున్నడు గాని మెతుకు ముట్టలె. "నేను పిలిస్తే గూడ చూడలె బిడ్డా" అన్నడు. "ఆ డాక్టరమ్మకు ఫోన్ కలుపు. నేనే చెప్త."

ఈసారి ఫోన్ ముందట కూసున్నడు. "అమ్మా, పోయినసారి మీకు పై సరుకు చూపించిన. అడుగుది దాచిన. ఇప్పుడు చూడున్రి" అని మూత సంగతి గూడ చెప్పిండు. ఆమె చాలాసేపు చూసి, అడగాల్సినవన్నీ అడిగి, ఆటిజమే అన్నది. "పోయిన ఆర్నెల్లు నేను తిన్నట్టేనా అమ్మా?" అని అడిగిండు. ఆమె అబద్ధమాడలె. "అప్పుడే మొదలుపెడితే బాగుండేదండీ" అన్నది. మామయ్య అంగీ కొసతోని కండ్లు తుడుచుకున్నడు.

ఆ తరువాత ఆయన దాచింది లేదు. కొట్టుకొచ్చినోళ్లందరికీ, "మా మనవనికి ఆటిజం" అని చెప్పేటోడు. చుట్టాలు వంశానికి చెడ్డపేరొస్తదని గునిగితే, "దాస్తే పెరిగింది. చెప్తే దారన్న దొరుకుతది" అన్నడు. మోకాళ్ల నొప్పులతోనే పొద్దుగాల నేల మీద కూసొని, మేడం చెప్పినట్టు పిల్లోనితోని బంతి ఆడేటోడు. పేరు పిలిచేటోడు, ఆగేటోడు, మళ్ల పిలిచేటోడు. వాడు ఒక్కసారి గూడ మర్లి చూడలె. ఆయన మీద నా కోపం పూర్తిగ పోలె, ఇప్పటికీ పోలె. కానీ ఆ గొంతు లేని పొద్దు నాకు తెల్లారినట్టే అనిపిస్తలేదు.

ఆయన పోయిన దినం వాకిట్ల పండబెట్టిన్రు. డప్పులు ఆగినంక గూడ సాయి గోడ దిక్కే మొఖం పెట్టి నిలవడ్డడు. పాడె లేపే ముందు మనవడు తాత నోట్ల బియ్యం వెయ్యాలన్నరు. ఏడ్చి ఏడ్చి మా ఆయనకు గొంతు పోయింది. "సాయీ" అన్నడు. నాకే సరిగ వినపడలె.

సాయి మర్లి చూసిండు. ఎవ్వరూ ఏమీ చూపలె, ఏమీ ఊపలె. వాడంతట వాడే మర్లి తండ్రి కండ్లల్లకు చూసిండు. గంత మందిల అదెంత పెద్ద సంగతో ఎవ్వరికీ తెలవలె. నాతోని చెప్పుకొని ఏడ్చేటోడు ఒక్కడే, ఆయన పాడె మీద ఉన్నడు.

మా ఆయన వాని పిడికిట్ల బియ్యం పోసిండు. వాడు తాత నోట్ల వెయ్యలె. గదుమ కింద తెల్లబట్ట మీద ఒక్కొక్క గింజే వరసగ పేర్చుకుంట కూసున్నడు. పాడె మోసేటోళ్లు తువ్వాలలు భుజాన వేసుకొని, వాని చేతిల గింజలు అయిపోయే దాక నిలబడ్డరు.