పాప చేతిలో తాళాలు

తొంభైల్లో కోవిల్‌పట్టి నుంచి మదురై వెళ్తుంటే, బస్సులో నా పక్కన ఒక తల్లి తన చిన్న కూతురితో కూర్చుంది. పాప గుప్పిట్లో ఇనుప తాళంచెవుల గుత్తి ఉంది. పాపకు కునుకు పడగానే గుత్తి జారి కింద పడేది. ఆ చప్పుడుకి తల్లి చెంప తట్టి లేపేది. తెలుగులోనే బుజ్జగిస్తోంది కదా అని, ఉండబట్టలేక అడిగాను.

“దీనికి వలిప్పు ఉండాది సామీ. ఇనుము పట్టుకుంటే మంచిదంటారు. నిద్దరలోనే వస్తాది, అందుకే పండుకోనియ్యము.”

వలిప్పు అంటే మూర్ఛ. ఎలుకల మెదడులో మూర్ఛ మెలకువలో ఎలా ఉంటుందో, నిద్రలో ఎలా ఉంటుందో చూడటమే అప్పట్లో నా పని. కొన్నిటిని పంజరం తట్టి మేల్కొలిపే ఉంచేవాళ్ళం.

“నిద్రలో వస్తుంది, నిజమేనమ్మా. కానీ నిద్ర లేకపోతే ఇంకా ఎక్కువవుతుంది. మా ఎలుకల్లో చూశాను.”

“ఎలికల్ని నిద్దరపోనియ్యరా? పాపం, అవేం చేసినాయి మీకు?”



తాళాలు మళ్ళీ పడ్డాయి. ఈసారి ఆమె పాపను లేపలేదు. తల ఒళ్ళోకి తీసుకుని, గుత్తిని తన గుప్పిట్లో బిగించి, ఆ ముఖాన్నే చూస్తూ కూర్చుంది. సాత్తూరులో కండక్టరు కేకేశాడు. వాళ్ళు దిగవలసింది అక్కడే. ఆమె పెదవుల మీద వేలు పెట్టి, తర్వాతి ఊరు విరుదునగర్‌కి టికెట్ అడిగింది.

విరుదునగర్‌లో నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని దిగింది. గుప్పిట్లో తాళాలు చప్పుడు చేయలేదు.

మర్నాడు ల్యాబులో పంజరం తట్టబోయాను. లోపల ఎలుక ముడుచుకుని పడుకుని ఉంది. చెయ్యెత్తి కాసేపు అలాగే నిలబడ్డాను.